కవచ రూపకం – ఔచిత్య విచారణ: తెలుగు వైద్యరచనలో ఈస్ట్రోజెన్, స్త్రీ హృదయం

వ్యాస సంగ్రహం: ఈస్ట్రోజెన్‌ను స్త్రీ గుండెకు కవచంగా చెప్పడం తెలుగు జనప్రియ వైద్యరచనలో స్థిరపడిన రూపకం. రక్తనాళాలలోని ఈస్ట్రోజెన్ గ్రాహకాల పనితీరును ప్రమాణంగా తీసుకొని, ఈ రూపకం ఎంతవరకు ఉచితమో, ఎక్కడ అపార్థానికి దారితీస్తుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: ఈస్ట్రోజెన్ గ్రాహకం, రక్తనాళం, రూపకం, ఔచిత్యం, గర్భసంచి.

1. ఉపోద్ఘాతం

క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా ప్రతిపాదించాడు. కావ్యంలో ఔచిత్యలోపం రసభంగంతో ఆగుతుంది. వైద్యరచనలో అది పాఠకురాలి నిర్ణయం దాకా వెళుతుంది. కాబట్టి శాస్త్రరచనలోని అలంకారాన్ని కూడా సాహిత్య విమర్శ పట్టించుకోవాలి.

2. రూపకం బలం

ముట్లుడగని స్త్రీలలో గుండె ధమనుల జబ్బు అదే వయసు పురుషులలో కంటే తక్కువ. ముట్లుడిగిన తరువాత ఆ తేడా క్రమంగా తగ్గుతుంది. ఈ విషయాన్ని ‘కవచం’ ఒక్క మాటలో చెబుతుంది. కర్ణుని కవచకుండలాల కథ ఎరిగిన తెలుగువారికి, దాన్ని కోల్పోతే వచ్చే ప్రమాదం కూడా వెంటనే స్ఫురిస్తుంది.

3. రక్తనాళంలో జరిగేది

కవచం ఒంటికి పైన ఉంటుంది. ఈస్ట్రోజెన్ కణం లోపల పనిచేస్తుంది. అదీ గ్రాహకం ఉంటేనే. రక్తనాళపు లోపొర కణాలలో ఆల్ఫా, బీటా అనే రెండు రకాల గ్రాహకాలున్నాయి. బీటా గ్రాహకం 1996లో వెలుగులోకి వచ్చింది. హార్మోన్ చేరగానే కేంద్రకంలోని గ్రాహకం జన్యువుల పనిని మారుస్తుంది. దీనికి గంటలు, రోజులు పడుతుంది. కణత్వచం దగ్గరున్న ఆల్ఫా గ్రాహకం నిమిషాలలోనే నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమును ప్రేరేపిస్తుంది. ఆ వాయువు పక్కనున్న కండరపొరను సడలిస్తుంది, నాళం విప్పారుతుంది. అంటే ఇది దెబ్బను ఆపడం కాదు, కబురు అందుకొని స్పందించడం.

4. రూపకం తప్పే చోట్లు

మొదటిది: ఆల్ఫా గ్రాహకం పనిచేయని 28 ఏళ్ల పురుషుని ఉదంతం 1994లో ప్రచురితమైంది. అతని రక్తంలో ఈస్ట్రోజెన్‌కు కొరత లేదు. అయినా రక్తప్రవాహం పెరిగినప్పుడు అతని నాళం విప్పారడం లేదనీ, గుండె ధమనులలో చిన్న వయసులోనే పూడిక మొదలైందనీ 1997లో తేలింది. ‘కవచం’ ఉంది, దాన్ని గుర్తించే గ్రాహకం లేదు. పైగా ఇది స్త్రీలకు మాత్రమే చెందిన విషయం కాదనీ ఈ ఉదంతం చెబుతోంది.

రెండవది: కవచాన్ని ఎప్పుడు తొడిగినా కాపాడాలి. కాని అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరిగిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరిశోధనలో, ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టిన్ ఇచ్చిన విభాగాన్ని 2002లో మధ్యలోనే ఆపివేశారు. అక్కడ గుండెజబ్బు తగ్గలేదు. రొమ్ము క్యాన్సర్ పెరిగింది. పాల్గొన్నవారి సగటు వయసు 63. తరువాత 2016లో వెలువడిన ఎలైట్ పరిశోధన, ముట్లుడిగిన ఆరేళ్లలోపు ఈస్ట్రోజెన్ మొదలుపెట్టినవారిలో మెడ ధమని గోడ మందమయ్యే వేగం తగ్గిందనీ, పదేళ్లు దాటాక మొదలుపెడితే ఆ మేలు లేదనీ చూపింది. నాళం స్థితిని బట్టి ఫలితం మారుతుంది. ‘కవచం’ అనే మాటలో ఈ కాలస్పృహ లేదు.

5. ‘గర్భసంచి’ అనే మాట

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయం తొలగించినవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మలికిపురం, రాజోలు ప్రాంతాలలోనూ ఈ శస్త్రచికిత్సకు వాడుకమాట ‘గర్భసంచి తీయించుకోవడం’. సంచి అనగానే పిల్లలు పుట్టాక అవసరం తీరిన వస్తువనే భావం కలుగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ మాటలో అండాశయాల ప్రస్తావన లేదు. వాటిని ఉంచారా, తీసేశారా అన్నదే రక్తనాళాలకు సంబంధించిన ప్రశ్న. రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఉంచినా అవి కొందరిలో ముందుగానే ఉడిగిపోవచ్చు. అండాశయాలు తొలగించిన ముప్ఫై అయిదేళ్ల స్త్రీకి, వేరే అభ్యంతరాలు లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ ఇవ్వడం వైద్యసమ్మతం. 63 ఏళ్ల సగటు వయసువారిపై వచ్చిన ఫలితాన్ని చూపి ఆమెను భయపెట్టడం ఎంత తప్పో, ‘కవచం’ అని అందరికీ సిఫారసు చేయడం అంతే తప్పు.

6. ముగింపు

రూపకం స్థితిని చూపుతుంది. ప్రక్రియను చెప్పడానికి కథనం కావాలి. ‘క్యాలెండర్ కథ’, ‘పిడుగు దేవర కథ’ రాసిన మహీధర నళినీమోహన్ శాస్త్రాన్ని కథగా చెప్పే దారి మనకు చూపించారు. హార్మోన్ రావడం, గ్రాహకం అందుకోవడం, నాళం విప్పారడం అనే వరుసను ఆ పద్ధతిలో చెప్పవచ్చు. ‘గర్భసంచి’ పక్కన ‘అండాశయాలు’ అనే మాటను కూడా మన వైద్యరచన వాడుకలోకి తేగలిగితే, ఆపరేషనుకు సంతకం చేసే ముందు అడగవలసిన ప్రశ్న పాఠకురాలికి తెలుస్తుంది.