కథ కంచికి బోవువేళ

మా ఆమడగూరు ప్రాంతమున కథ చెప్పు అవ్వలు తుదకు పలుకు మాట యొక్కటే: “కథ కంచికి, మనమింటికి.” ఆ మాట వినినంతనే పిల్లలు తృప్తితో నిట్టూర్చి లేచెదరు. కథలోని రాకుమారుడు రాజ్యమేలిన వీరికేమి లాభము? వానకై మింటివంక జూచు వేరుసెనగ రైతుల బిడ్డలకు ఆ పట్టాభిషేకమువలన పూటకూడు దొరకదు. అయినను వారికి సంతోషమేల కలుగుచున్నది? బిడ్డలచేత నెట్టి కథలు చదివింపవలెనని విచారించు గృహస్థులకు ఈ ప్రశ్న ఉపేక్షింపదగినది కాదు.

ఇట్టి కథలు అసత్యములనియు, మంత్రతంత్రములయందు నమ్మకము పెంచుననియు సంస్కారప్రియులు కొందఱు ఆక్షేపింతురు. మేమును ఒకప్పుడట్లే తలంచినవారము. ఒకనాడు తరగతిలో బాలనాగమ్మ కథ చెప్పుచు, ముగింపునకు ముందే నిలిపి, “చిలుకలో మనుష్యుని ప్రాణముండుట కల్ల గదా!” యని బోధింపబూనితిమి. అంత నొక బాలిక లేచి, “అది కల్లయని మాకు దెలియును అయ్యవారూ! ఆమె యిల్లు చేరెనా లేదా, అది చెప్పండి” అనెను. మా తర్కమంతయు ఆ మాటయెదుట నిలువలేదు.

బుర్రకథగా ఊరూర వినబడి, 1942లో జెమినీవారి చలనచిత్రముగా కాంచనమాల నటనముతో ప్రసిద్ధికెక్కిన ఈ కథను పరిశీలింతము. మాయల మరాఠీ బాలనాగమ్మను అపహరించి చెఱబెట్టెను. ఆమె యిచ్ఛను మాత్రము గెలువలేకపోయెను. కుమారుడు బాలవర్ధి పెరిగి వచ్చి, ఏడు సముద్రముల కావలనున్న చిలుకను బట్టి మాంత్రికుని దునుమాడెను. చిలుక మెడ విఱుగుటయే మన యానందమునకు కారణమైనచో అది కేవలము పగ తీర్చుకొనుట యగును. అట్లు కాదు. చీకటిలో నెవరును జూడకున్నను ఆమె నిలుపుకొనిన ధైర్యము వ్యర్థము కాలేదని తుదకు వెల్లడియగుచున్నది. మనము మెచ్చునది ఆ వెల్లడినే.

చెదరిన బీజములన్నియు నిర్వహణసంధిలో నొక్కచో జేరవలెననియు, అచట నద్భుతరసము నిలువవలెననియు భరతముని శాసించెను. మంచివారికి మేలును చెడ్డవారికి కీడును గలుగు ముగింపు ప్రేక్షకుల దౌర్బల్యమునకు బ్రియమైనదని అరిస్టాటిల్ తలంచెను. టోల్కీన్ ఆంగ్లమున వ్రాసిన వ్యాసములో, అద్భుతకథ దుఃఖమును గాదనదనియు, ఓటమి తప్పదనుకొన్నవేళ గలుగు ఆకస్మిక శుభపరిణామమే దాని ప్రాణమనియు వివరించెను. మాకు ఈ తుదిమాటయే యుక్తముగా దోచుచున్నది. కష్టమెఱుగని కథకు శుభాంతము తీపి గాదు. మూడేండ్లు వానలేని నేలకు బడిన చినుకు రుచి కరవు జూచిన వానికే తెలియును.

అయినను శుభాంతములన్నియు సమానములు గావు. వీరునికి అర్ధరాజ్యమును రాజపుత్రికను బహుమానముగా నిచ్చు ముగింపులు మన కథలలో లెక్కకు మిక్కిలి. ఆ కన్య నెవరైన నొకమాట యడిగిరా? సొమ్ముతోపాటు ఆమెయు చేతులు మాఱెను. అట్టిచోట మనకు గలుగు సంతోషము న్యాయమువలన బుట్టినది గాదు, అలవాటువలన బుట్టినది. బాలనాగమ్మ యిల్లు చేరుట ఆమె కోరిన ఫలము. రాజకన్యను వీరుని చేతిలో బెట్టుట తండ్రి కోరిన ఫలము. ఈ భేదమును గుర్తింపక రెండింటికిని ఒక్కరీతిగా చప్పట్లు గొట్టు పాఠకుడు, తన యింట కూతురి పెండ్లివేళ ఆమె యభిప్రాయ మడుగుటయు మఱచును.

కావున కథలను బిడ్డలకు దూరము చేయవలదు, ముగింపులను ఖండింపవలదు. కథ ముగిసినపిమ్మట, “ఈ ముగింపులో సుఖపడిన దెవరు? ఎవరిని అడుగలేదు?” అని మాత్రము ప్రశ్నింతము. మా తరగతిలోని బాలిక అడిగినదియు దాదాపు అదియే. కథ కంచికి బోవుగాక. ఆ ప్రశ్న మాత్రము మనతో నింటికి రావలెను.