వరీంగా చేతిలోని పానా

ఆఫ్రికా యువత, సాంకేతిక విజ్ఞానం, ఇంధనం, స్వయం ఉపాధి. ఈ మధ్య ఈ మాటలన్నీ ఒకే గుత్తిగా వినిపిస్తున్నాయి. సదస్సుల్లో వినిపిస్తే మనకు పేచీ లేదు. సాహిత్య విద్యార్థులు కూడా అదే గుత్తి చేతబట్టుకొని పుస్తకాలు చదువుతున్నందువల్ల ఈ నాలుగు ముక్కలు రాయవలసి వచ్చింది. గద్వాలలో కొందరం కూర్చొని విలియం కంక్వాంబా ఆత్మకథ 'ది బాయ్ హూ హార్నెస్డ్ ది విండ్' (2009) గురించి మాట్లాడుకుంటుండగా, ఎం.ఏ. చదివే అబ్బాయి ఒకడు "పట్టుదల ఉంటే పేదరికం అడ్డు కాదని ఈ పుస్తకం నిరూపించింది" అన్నాడు. చాలామంది తలలూపారు.

పుస్తకం నిజంగా అలా చెప్పిందా? మలావీ దేశంలో 2001-02 కరువుతో అది నడుస్తుంది. మొక్కజొన్న గింజ దొరకదు. ధాన్యం నిల్వల్లో కొంత అమ్మమని అంతర్జాతీయ ద్రవ్యనిధి చెప్పడం, ప్రభుత్వం వాటిని అమ్ముకోవడం, జనం ఆకలితో చావడం - ఇవన్నీ అందులో ఉన్నాయి. ఫీజు కట్టలేక విలియం బడి మానేస్తాడు. గ్రంథాలయంలో దొరికిన ఒక పాఠ్యపుస్తకంలో బొమ్మలు చూసి, ట్రాక్టరు ఫ్యాను, సైకిలు డైనమో, పి.వి.సి. పైపులు, నీలగిరి దుంగలు కూర్చి గాలిమర నిలబెడతాడు. పేదరికం అడ్డు కాకపోవడం కాదు, అడ్డయినందువల్లనే ఆ గాలిమర తుక్కు సామానుతో తయారైంది. ఆ కరువును వదిలేసి గాలిమరను మాత్రమే చూసే పఠనం రచయిత తప్పు కాదు, మన తప్పు. అయితే ఒక పరిమితి పుస్తకంలోనే ఉంది. ఊరి కథగా మొదలైనది చివరికి ఒక వ్యక్తి విదేశీ వేదికలెక్కిన కథగా ముగుస్తుంది. ఊళ్లోని మిగతా పిల్లలు వెనకే ఉండిపోతారు.

ఈ ప్రశ్నను ఇంతకంటే లోతుగా పట్టుకున్న ఆఫ్రికా నవల మనకు తెలుగులో ఎప్పుడో వచ్చింది. కెన్యా రచయిత గూగీ 1978లో కమితీ జైల్లో, మరుగుదొడ్డి కాగితాల మీద, తన మాతృభాష గికుయులో రాసిన నవల అది. 1980లో అచ్చయింది. వరవరరావు దాన్ని 'మట్టికాళ్ల మహారాక్షసి'గా అనువదించారు. మనవాళ్లు ఈ నవలను సామ్రాజ్యవాద వ్యతిరేక వ్యంగ్యంగా చదివారు, చర్చించారు. అది సరే. కథానాయిక వరీంగా ఇంజను మెకానిక్కు అన్న సంగతి మీద మాత్రం మన విమర్శ తగినంత నిలబడలేదు.

నవలలో దొంగల పోటీ ఉంది. ఒక్కొక్క పెట్టుబడిదారు లేచి తన 'ఉద్యమశీలత'ను తానే పొగుడుకుంటాడు. మట్టిని కుండల్లో నింపి అమ్ముతానని, పీల్చే గాలిని కూడా మూటగట్టి అమ్ముతానని ఒకడు పథకం చెబుతాడు. ఔత్సాహిక పారిశ్రామికవేత్త అన్న మాటకు ఇంతకంటే పదునైన వ్యాఖ్యానం నేను చదవలేదు. దీనికి ఎదురుగా గూగీ నిలబెట్టింది ఉపన్యాసాన్ని కాదు, ఒక గ్యారేజీని. వరీంగా పాలిటెక్నిక్‌లో చదువుకుంటూ, నైరోబీలో కార్మికులు కలిసి నడుపుకునే గ్యారేజీలో పనిచేస్తుంది. ఆడది ఇంజను ఏం విప్పుతుందని నవ్విన మగవాళ్లు ఆమె పనితనం చూసి నోళ్లు మూసుకుంటారు. ఆమెకు విద్య ఉంది, పని ఉంది, తోటివాళ్ల గౌరవమూ ఉంది. అప్పుడు ఆ స్థలం మీద విదేశీయులూ స్థానిక ధనికులూ కలిసి హోటలు కట్టడానికి సిద్ధమవుతారు. పానా పట్టడం వచ్చినంత మాత్రాన కాళ్లకింది నేల తనది కాదని ఆమెకు తెలిసివస్తుంది. తర్వాత ఆమె పేల్చే తుపాకీ కన్నా ఈ ఘట్టమే బలమైనదని నా అభిప్రాయం. కాదనేవారు ఉంటారు.

ఇప్పుడు మన జిల్లాలకు వద్దాం. వనపర్తి రాజభవనం 1959లో పాలిటెక్నిక్ అయింది. ఆ సంస్థానానికి చెందిన జె. రామేశ్వరరావు భారత ప్రతినిధిగా ఆఫ్రికాలో పనిచేసినవాడే. గద్వాల దగ్గర జూరాల విద్యుత్ కేంద్రం సామర్థ్యం 234 మెగావాట్లు. నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రానిది 900. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్లలో కొల్లాపూర్ ప్రాంతపువీ ఉన్నాయి. 2020 ఆగస్టు 20 రాత్రి ఆ భూగర్భ కేంద్రంలో చెలరేగిన మంటల్లో 9 మంది చనిపోయారు. వారిలో యువ ఇంజనీర్లున్నారు. ఇంత శక్తి పుట్టిన నేల నుంచే పాలమూరు కూలీలు గుంపుమేస్త్రీల వెంట దేశమంతా పోయి ఆనకట్టలు కట్టారు.

ఈ వైరుధ్యాన్ని మన సాహిత్యం ఎలా పట్టుకుంది? నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటలో చేతివృత్తులు ఎలా కూలిపోయాయో పేరుపేరునా చెప్పాడు. అది రోగనిర్ధారణ. తర్వాత వచ్చిన వలస కవిత్వంలో చాలాభాగం నిర్ధారణను వదిలి కన్నీటిని మాత్రం తీసుకుంది. మూట, రైలు, ముసలితల్లి - ప్రతిమలు కుదిరిపోయాయి. రాయి పగలగొట్టేవాడికి రాతి పొర తెలుసునని, కాలువ తవ్వేవాడికి వాలు తెలుసునని ఈ కవిత్వం ఎక్కడా అనదు. కూలివాడికి బాధ ఉన్నదని ఒప్పుకొని, బుద్ధి ఉన్నదని ఒప్పుకోకపోవడం అభ్యుదయ దృక్పథం ఎలా అవుతుంది? మనం వదిలిన ఈ జాగాలోనే విజయగాథ వచ్చి కూర్చుంది.

ఆసుయంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం మీద 2019లో వచ్చిన 'మల్లేశం' సినిమా దీనికి కొంత మినహాయింపు. ఆలేరు ప్రాంతంలో ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడించే తల్లి భుజం నొప్పి నుంచి యంత్రం పుడుతుంది. శ్రమ తెలిసినవాళ్లు తీసిన సినిమా. కాని గద్వాల నేతగాణ్ణి అడగండి. నూలు ఒంటికి పట్టు అంచు కలిపే నేర్పు అతనిది. నూలూ పట్టూ జరీ ఇచ్చి కూలి కట్టించే షావుకారు చేతిలో చీర ఉంటుంది. యంత్రం నొప్పి తగ్గించింది, ఈ లెక్కను మార్చలేదు. ఆ లెక్క రాయవలసినవాళ్లం మనమే.

నా తరగతిలో ఒక తండా పిల్లవాడున్నాడు. తల్లిదండ్రులు పుణేలో కట్టడం పనిలో ఉన్నారు. సెలవు రోజుల్లో వనపర్తిలో ఒక దుకాణంలో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగు చేస్తాడు. 'నా ఆశయం' అన్న వ్యాసంలో కలెక్టరునవుతానని రాశాడు. మోటారు సంగతి ఎందుకు రాయలేదురా అని అడిగాను.

"అది గూడ రాస్తరా సార్?" అన్నాడు.

తర్వాత సుద్దముక్క తీసుకొని, నల్లబల్ల మీద గుండ్రం గీసి, ఏ గాడిలో ఎన్ని చుట్లు పడాలో, ఒక చుట్టు తప్పితే మోటారు ఎలా వేడెక్కుతుందో పావుగంట సేపు చెప్పాడు.