చర్చి గోడమీద కొబ్బరిచెట్టు

ప్రాచీన కట్టడాలను చూడబోయేవారిలో రెండు ధోరణులు కనిపిస్తాయి. కొందరు శిల్పసౌందర్యానికి ముగ్ధులై, రాళ్లు మోసిన భుజాల సంగతి మరచిపోతారు. మరికొందరు, ముఖ్యంగా మన యువకులు, ఇదంతా దోపిడీకి గుర్తేనని ఒక్క మాటతో తేల్చి గుమ్మమైనా తొక్కరు. మొదటివారిది పొరబాటని మనందరికీ తెలుసు. రెండవవారిదీ పొరబాటేనని నా వాదన. ఇందుకు ఫిలిప్పీన్స్ దీవుల్లోని చిన్న పట్టణాల కాథలిక్ చర్చీలు మంచి నిదర్శనం.

ఆ దీవులను 1565 మొదలు 1898 దాకా స్పెయిన్ పాలించింది. పల్లెల్లో ఆ పాలనకు కళ్లూ చేతులూ ఫ్రయర్లనే మఠసన్యాసులే. 16 ఏళ్లు మొదలు 60 ఏళ్ల వరకు ప్రతి మగవాడూ ఏడాదికి 40 రోజులు దొరతనం చెప్పిన పని చెయ్యాలి. దాన్ని ‘పోలో’ అన్నారు. మన భాషలో దానికి సరైన మాట వెట్టి. అడవిలో కలప నరకడం, ఓడలు కట్టడం, వంతెనలు, చర్చీలు, అన్నీ దానికిందికే వచ్చేవి. డబ్బు చెల్లించగలవాడు తప్పించుకునేవాడు. ఊరి పెద్దలకు అసలే మినహాయింపు. 1884లో గాని ఆ 40 రోజులు 15కు తగ్గలేదు.

ఇక పనాయ్ దీవిలోని మియాగావో చర్చిని చూడండి. 1787-1797 మధ్య కట్టారు. సముద్రం మీదుగా వచ్చే దాడులకు కాపుగా దాని గోడలను కోటగోడల్లా మందంగా లేపారు. ముఖభాగాన, బాలయేసును భుజాన మోస్తున్న సెయింట్ క్రిస్టఫర్ శిల్పముంది. ఆయన పట్టుకొన్నది కొబ్బరిచెట్టు! పక్కన బొప్పాయి, జామ. యూరపు గ్రంథాల్లోని మహాత్ముడు పనాయ్ రైతు పెరట్లోంచి నడుస్తున్నాడు. ఆజ్ఞ పరాయివాడిదే, కథ పరాయిదే. కాని ఉలి పట్టినవాడు తాను రోజూ చూసే లోకాన్ని ఆ గోడకెక్కించాడు. ఇది అలంకారం మాత్రమే అనుకుంటే మనం రాతిని చదవలేదన్నమాట.

1993లో యునెస్కో మియాగావో, పావాయ్, శాంటా మరియా, మనీలా చర్చీలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. యూరపు బరోక్ శైలిని చీనా, ఫిలిప్పీన్ పనివారు తమ రీతిలో మలచుకోవడమే వీటి విశిష్టత అన్నది. ఈ మాట నిజం, కాని సగం నిజం. పనివారి నేర్పును గుర్తించింది గాని, వారు ఏ పరిస్థితిలో పనిచేశారో చెప్పలేదు. చెక్కినవారంతా వెట్టివారేనని నేననను. అయితే పోలోను తలుచుకోకుండా ఈ గోడలను మెచ్చుకోవడం, పంటను పొగిడి రైతును మరచిపోవడం వంటిది. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ చదివిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కట్టడం కట్టించినవాడికే శాశ్వతంగా దాస్యం చెయ్యదు. లూజాన్ ఉత్తరాన పావాయ్ చర్చి 1710లో పూర్తయింది. భూకంపాలకు తట్టుకోవాలని దాని గోడలకు ఏనుగుల్లాంటి ఊతదిమ్మలు కట్టి, పగడపురాతి గంటగోపురాన్ని విడిగా నిలిపారు. ఊరిని ప్రార్థనకు పిలవడానికి లేచిన ఆ గోపురమే 1898లో స్పెయిన్ మీద తిరగబడినవారికి కాపలా మంచె అయింది. రెండవ ప్రపంచయుద్ధంలో జపాన్ సేనలతో పోరాడిన గెరిల్లాలూ అక్కడినుంచే కాపు కాశారు.

చర్చి లోపల సైతం అంతా ఒక్కటి కాదు. విగాన్ పట్టణంలో పుట్టిన హోసే బుర్గోస్ కాథలిక్ గురువే. స్వదేశీ గురువులకు సమానహక్కులు కావాలన్నాడు. తిరుగుబాటు నేరం మోపి 1872లో ఆయననూ, గోమెజ్, జమోరా అనే మరి ఇద్దరు గురువులనూ చంపారు. హోసే రిజాల్ తన రెండవ నవలను ఈ ముగ్గురికే అంకితమిచ్చాడు.

అందమైన శిల్పం పుట్టింది కాబట్టి వెట్టి క్షమార్హమా? ఎంతమాత్రం కాదు. అదే న్యాయాన, వెట్టితో లేచింది కాబట్టి శిల్పం పరాయివాడి సొత్తూ కాదు. దాన్ని మనం వదిలేస్తే పాలకుల వారసులు తమదని చెప్పుకుంటారు. కష్టజీవి రెండవసారి దోపిడీకి గురవుతాడు.

కనుక విద్యార్థి మిత్రులు పాత చర్చికి వెళ్లాలి, గుడికీ వెళ్లాలి. కట్టించినవాడి పేరు పలకమీద ఎలాగూ ఉంటుంది. కట్టినవాడి జాడకోసం గోడను వెతకాలి.