కెండ్రిక్ లామార్ ‘డ్యామ్’: కథన నిర్మాణ పరిశీలన

అమెరికన్ ర్యాప్ కళాకారుడు కెండ్రిక్ లామార్ డక్‌వర్త్ 1987లో కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో జన్మించారు. ముఠా కక్షల మధ్య గడిచిన కౌమారాన్ని 2012 నాటి ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’లో కథావస్తువుగా స్వీకరించారు. 2017లో వెలువడిన ‘డ్యామ్’కు మరుసటి ఏడాది సంగీత విభాగంలో పులిట్జర్ బహుమతి లభించింది. శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు వెలుపలి కృతికి ఈ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అయితే బహుమతి కృతి విలువకు గుర్తింపే గాని వివరణ కాదు. ఆ విలువను నిర్మాణంలో వెతకాలి.

14 పాటల ఈ సంపుటి కథకుడు తుపాకి గుండుకు గురికావడంతో మొదలవుతుంది. చివరి పాట ‘డక్‌వర్త్’ గతంలోని ఒక ఘటనను చెబుతుంది. దోపిడీకి సిద్ధపడిన ఆంథొనీ టిఫిత్‌ను, ఆహారశాలలో పనిచేసే లామార్ తండ్రి ఉచితంగా తిండి పెట్టి ముందే మంచి చేసుకుంటారు. అందువల్ల ప్రాణాలు దక్కించుకుంటారు. తర్వాతి కాలంలో టిఫిత్ స్థాపించిన సంస్థే లామార్ పాటలను వెలువరించింది. ఆనాడు తండ్రి మరణించి ఉంటే కొడుకూ తుపాకికే బలయ్యేవాడన్న ఊహతో పాట ముగుస్తుంది. ఆపై ధ్వని వెనక్కు తిరిగి సంపుటి తొలి మాటలను చేరుతుంది. పాటల వరుసను తిరగవేసిన ప్రత్యేక ప్రతి కూడా అదే ఏడాది వచ్చింది. పాటలు అవే, క్రమం మారితే జీవితగతి మారుతుంది.

విజేతల ఆత్మకథలు సాధారణంగా స్వయంకృషిని కీర్తిస్తాయి. లామార్ తన ఎదుగుదలను తండ్రి చేసిన చిన్న ఉపకారానికి ముడిపెట్టారు. అటువంటి అవకాశం దక్కని కాంప్టన్ యువకుల కథకు సంపుటి ఆరంభంలోని మరణమే ప్రతీక.