పటిక నీళ్ళు గీసిన ఎరుపు

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటే ఒక సంగతి వింతగా తోస్తుంది. ఎరుపు రావలసిన చోట వాళ్ళు ఎర్రరంగు పూయరు. పటిక నీళ్ళు పూస్తారు. వెదురుపుల్ల చివర గుడ్డ చుట్టి దారంతో బిగించిన కలాన్ని ఆ నీళ్ళలో ముంచి, వేళ్ళతో మెల్లగా నొక్కుతూ చీర అంచునో, పూలరెక్కనో నింపుతారు. ఆ నీళ్ళకు చెప్పుకోదగ్గ రంగుండదు. ఎక్కడ పూశారో కంటికి ఆనడానికి పాతరోజుల్లో ఉతికితే పోయే రంగేదో కాస్త కలుపుకునేవారు. తర్వాత గుడ్డ మొత్తాన్నీ రంగునిచ్చే మొక్కల వేళ్ళూ చెక్కలూ వేసిన కాగులో మరిగిస్తారు. అప్పుడు పటిక తగిలిన చోటే ఎరుపు కుదురుకుంటుంది. మిగతాచోట అంటిన లేతరంగు ఉతుకుకీ ఎండకీ పోతుంది.

నూలుకి ఈ వేళ్ళ రంగు తనంతట తానుగా పట్టదు. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో పోగునీ, ఇంకో చేత్తో రంగునీ పట్టుకుని విడవకుండా ఉంటుంది. పాత కోస్తా అద్దకంలో ఆ రంగు ముఖ్యంగా అలిజరిన్. ఈ పేరు ఎరగకపోయినా మన కోస్తా అద్దకంవాళ్ళు ఆ పని ఎంత నిక్కచ్చిగా చేశారో ఇవాళ మ్యూజియాల్లోని ప్రయోగశాలలు ఒక్కొక్క పోగే చదివి చెబుతున్నాయి.

చదవడమంటే నిజంగా పోగే. పాత కలంకారీ తెర కుట్టు లోపలి నుంచో, వెనకవైపు నుంచో రెండు మూడు మిల్లీమీటర్ల దారం తీస్తారు. దాన్ని ఆమ్లం కలిపిన ద్రావకంలో వేడిచేస్తే అల్యూమినియం పట్టు సడలి రంగు బయటికొస్తుంది. ఆ ద్రవాన్ని క్రొమాటోగ్రఫీ గొట్టంలోంచి పంపితే అందులో కలగలిసి ఉన్న రంగుపదార్థాలు దేనికవి విడిపోయి, ఒకదాని తర్వాత ఒకటి బయటపడతాయి. ఏది ముందు, ఏది వెనక, ఏది ఎంత అన్నదాన్ని బట్టి ఏ వేరు వాడారో తేలుతుంది.

ఇక్కడే అసలు కథ ఉంది. యూరప్ మంజిష్ఠ వేరులో అలిజరిన్‌తో పాటు పర్‌ప్యూరిన్ అనే మరో ఎరుపు ఉంటుంది. మన మంజిష్ఠలో పర్‌ప్యూరిన్, మంజిస్టిన్ ఎక్కువ. అలిజరిన్ దాదాపు ఉండదు. అలిజరిన్ నిండుగా ఉండి పర్‌ప్యూరిన్ లేకపోతే అది చిరివేరు. సముద్రపుటొడ్డు ఇసుకలో నేలబారుగా పెరిగే చిన్న మొక్క అది. గవ్వలూ ఆల్చిప్పలూ నలిగి కలిసిన ఇసుకలో పెరిగిన వేరు మేలైనదని పేరు. దానికి కారణం లేకపోలేదు. అలిజరిన్, అల్యూమినియం కలిసి నిలకడైన నిండు ఎరుపు కావాలంటే కాల్షియం తోడు కావాలి.

17వ శతాబ్దం మొదట్లో గోల్కొండ రాజ్యంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం మెత్‌వల్డ్ ఈ తీరపు చిత్రవస్త్రాలను చూసి, ఎన్నిసార్లు ఉతికినా గుడ్డ ఉన్నంతకాలం వీటి రంగు పోదని రాశాడు. సామర్లకోటలో ఉంటూ మన మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో చిరివేరుకీ దాని అద్దకానికీ చోటిచ్చాడు. యూరప్‌కు చేరిన ఈ గుడ్డల ధాటికి తమ నేతగాళ్ళు నిలవలేరని ఫ్రాన్స్ 1686లోనే అద్దకపు గుడ్డలను నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా నడిచింది.

నలుపు సంగతి వేరు. ముందుగా గుడ్డని కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కకి పాకదు; కరక్కాయ వగరు పోగులో దాగి ఉంటుంది. ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన కసింకారంతో దానిమీద గీత గీస్తే, కలం కదిలిన వెంటే గీత నల్లబడుతుంది. వగరుతో ఇనుము కలవడమే ఆ నలుపు. కానీ ఆ ఇనుమే గుడ్డకి శత్రువు. ఏళ్ళు గడిచేకొద్దీ అది నూలును లోలోపల తినేస్తుంది. అందుకే రెండు మూడు శతాబ్దాల నాటి కలంకారీల్లో ఎర్రపూలు చెక్కుచెదరకుండా ఉంటాయి, వాటి చుట్టూ ఉన్న నల్లగీత మాత్రం సన్నని చీలికలై రాలిపోయి ఉంటుంది. గుడ్డని తాకకుండానే ఎక్స్‌రే ప్రతిదీప్తి పరికరంతో ఆ గీతలో ఇనుము ఉందని పట్టుకోవచ్చు. అల్యూమినియం తేలికపాటి లోహం కాబట్టి అంత సులువుగా దొరకదు. దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పోగు పెట్టాల్సిందే.

పాత తెరల్లో ఆకులు నీలంగా ఉండటం చూసి, చిత్రకారుడి ఊహ అనుకునేవాళ్ళున్నారు. అది ఊహ కాదు. ఆకుపచ్చ కోసం నీలిమందు మీద పసుపు రంగు పూశారు. నీలిమందు నిలిచింది, పసుపు ఎండకీ వెలుతురుకీ వెలిసిపోయింది. ఆ నీలి ఆకులో మిగిలిన ఏ కాస్త పసుపునో పట్టుకోగలిగితే, ఆ తోట ఒకప్పుడు ఎంత పచ్చగా ఉండేదో మనసులో మళ్ళీ గీసుకోవచ్చు. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

యంత్రాలు చెప్పిన దాన్ని సరిచూసుకోవడానికి రాతలూ ఉన్నాయి. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చిన జెస్యూట్ పాద్రీ కేర్దూ 1742లో ఈ అద్దకం అంచెలన్నీ ఒక ఉత్తరంలో వివరించాడు. అంతకుముందే, 1734 ప్రాంతంలో, పుదుచ్చేరిలో బోలియూ అనే ఫ్రెంచి నౌకాధికారి మరీ మంచి పని చేశాడు. పనివాడి దగ్గరుండి అంచె అంచెకీ ఒక్కో గుడ్డముక్క తీసి తన రాతప్రతితో పాటు దాచాడు. అవి పారిస్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ ముక్కల్ని వరసగా చూస్తే, ఉత్త గుడ్డ పూలగుడ్డ కావడం కళ్ళముందు జరుగుతున్నట్టే ఉంటుంది. ఆ పనివాడి పేరు మాత్రం మనకు దక్కలేదు. ఈ తెరలు వేసినవాళ్ళలో చాలామందికి సంతకం లేదు. వాళ్ళ పాళ్ళూ వరసలూ పోగులో ఉన్నాయి కాబట్టి, పోగుని పరీక్షించడం వాళ్ళ మాట వినడమేనని నేను నమ్ముతాను.

1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మాన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్ది ఏళ్ళకే అది బజారుకొచ్చింది. వేళ్ళు తవ్వే బతుకులు చెదిరిపోయాయి. పాత ఫ్యాక్టరీ అలిజరిన్‌లో తయారీ వేళ పుట్టిన వేరే ఎరుపులు కాస్త కలిసి ఉంటాయి. పాతదని చెప్పే తెరలో అవి కనబడితే అది 1868కి ముందుది కాదని తేలిపోతుంది.

ఇవాళ మచిలీపట్నం, పెడన అచ్చుపనిలో ఫ్యాక్టరీ అలిజరిన్ మామూలే. శ్రీకాళహస్తిలో ఎరుపు కోసం మంజిష్ఠ, సురుడుచెక్క వాడేవాళ్ళున్నారు. రెండొందల ఏళ్ళ తర్వాత ఎవరైనా మన కాలపు గుడ్డలోంచి పోగు లాగి చూస్తే అవే కనిపిస్తాయి. చిరివేరు మాత్రం ఎక్కడో ఒకటీ అరా. మొక్క పోలేదు. కోస్తా ఇసుకలో ఇప్పటికీ తెల్లని చిన్న పూలు పూస్తూనే ఉంది, తవ్వేవాళ్ళే కరువయ్యారు.