సాహిత్య విమర్శకు సమాజశాస్త్రం ఏమిస్తుంది?

తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, పదేళ్లుగా డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి మళ్లీ సమాజశాస్త్రం ఎం.ఏ.లో ఎందుకు చేరానని మిత్రులు అడుగుతూనే వున్నారు. జీతం పెరగదు, పదోన్నతికి పనికిరాదు. "కాళిదాసు చాలక కామ్టే కావలసివచ్చాడా మేష్టారూ?" అన్నారు మా అర్థశాస్త్ర మిత్రులొకరు.

కారణం ఒక పరాభవం. కొన్నేళ్ల కిందట ఒక సాహిత్య సభలో పాత నవల ఒకదాని మీద ప్రసంగించాను. ఆ నవల నాటి సమాజాన్ని ప్రతిబింబించిందని అయిదారుసార్లు అన్నాను. చివర ఒక విద్యార్థి లేచి, "అప్పుడు సమాజం అట్లా వుండేదని మీకెట్లా తెలుసండీ?" అని అడిగాడు. "నవలలో వుంది గదా" అన్నాను. సభ నవ్వింది. నవల నిజమనడానికి సమాజాన్ని సాక్ష్యం పిలిచాను. సమాజం అట్లా వుందనడానికి నవలనే సాక్ష్యం పిలిచాను. వాది, సాక్షి ఒకరే అయిన వ్యాజ్యం అది.

ఇది నా ఒక్కడి లోపమని అనుకోను. మన అభ్యుదయ విమర్శలో 'సమాజం' అన్న మాటకు కొరత లేదు. 'భూస్వామ్య సమాజం', 'పెట్టుబడిదారీ సమాజం' అని రెండు గోతాలు పెట్టుకొని, వచ్చిన పుస్తకాన్నల్లా ఏదో ఒక గోతంలో వేసి మూతి కడుతున్నాం. కౌలు ఎంత, కూలి ఎంత, వడ్డీ ఎంత, ఎవరు ఎవరికి పిల్లనిచ్చారు అని అడగడం మానేశాం. మార్క్స్ మాత్రం ఇట్లా చెయ్యలేదు. 'పెట్టుబడి' రాయడానికి ఆయన ఇంగ్లండు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలను గుట్టలు గుట్టలుగా చదివాడు. మనం ఆయన నిర్ణయాలు తీసుకొని, ఆయన శ్రమను వదిలేశాం.

అందుకని దూరవిద్యలో చేరాను. రెండేళ్ల పాటు ఆదివారాలు తరగతులు, మిగిలిన రాత్రులు అసైన్‌మెంట్లు. మొదటి సంవత్సరం సిద్ధాంతాల పేపరులో ఎమిల్ డర్క్‌హైమ్ వున్నాడు. ఆత్మహత్య మీద ఆయన గ్రంథం 1897లో వెలువడింది. మనిషి చేసే పనులన్నింటిలోకీ అత్యంత సొంతమనిపించే ఆ పనికి కూడా సామాజిక కారణాలుంటాయని ప్రభుత్వ లెక్కల ఆధారంగా వాదించాడు. కాథలిక్కులలో కన్న ప్రొటెస్టెంట్లలో, పెళ్లయినవారిలో కన్న కానివారిలో ఆ రేటు ఎక్కువని చూపాడు. నోట్సు రాసుకుంటూ సంవత్సరం అంకె దగ్గర ఆగిపోయాను. 1897 'కన్యాశుల్కం' మొదటి కూర్పు అచ్చయిన సంవత్సరం కూడా.

ఆ రాత్రే గురజాడ పీఠిక తీశాను. దాన్ని నేను ఎం.ఏ.లో చదవలేదా? చదివానని పరీక్షలో రాశాను. వ్యావహారిక భాషను సమర్థించిన పీఠికగా దాన్ని నాకు చెప్పారు, నేనూ పిల్లలకు అట్లాగే చెప్పాను. అందులో మరొకటి వుంది. అప్పటికి దాదాపు పదేళ్ల కిందట, విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలోని సామాన్య బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించాడు. మూడేళ్లలో నమోదైనవి 1034. సగటున ఏడాదికి 344. వధువు వయస్సు అయిదేళ్లయిన వివాహాలు 99, నాలుగేళ్లవి 44, మూడేళ్లవి 36, రెండేళ్లవి 6, ఏడాదివి 3. చంటిపిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. ఈ లెక్కలన్నీ గురజాడ వరసగా ఇచ్చాడు. నేను కూడి చూశాను: అయిదేళ్లు, అంతకు లోపు పిల్లలు 188 మంది. అంటే నూటికి పద్ధెనిమిది.

గిరీశం మాటల చమత్కారం గురించి గంటల తరబడి చెప్పినవాణ్ణి, ఈ 188ని ఏనాడూ నల్లబల్ల మీద రాయలేదు.

అంకెల తరవాత గురజాడ ఇంకో మాట అన్నాడు. ఈ జాబితా సమగ్రం కాదు, ఎందుకంటే డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడలేదు, రుజువులు చూపలేదు అని. సమాజశాస్త్రంలో పరిశోధనా పద్ధతుల పేపరు సారమంతా ఈ ఒక్క హెచ్చరికలో వుంది. అడిగినవాడెవడు, చెప్పినవాడెవడు, చెబితే ఎవరికి నష్టం అన్నవి తెలియకుండా అంకెను నమ్మరాదు. డర్క్‌హైమ్ వాడిన ప్రభుత్వ లెక్కల మీద సరిగ్గా ఇట్లాంటి అభ్యంతరాన్నే అమెరికన్ సమాజశాస్త్రజ్ఞుడు జాక్ డగ్లస్ 1967లో గట్టిగా లేవదీశాడు. ఒక చావును ఆత్మహత్యగా రాయాలా వద్దా అన్నది అధికారులూ బంధువులూ కలిసి తేల్చే విషయం. పరువు గల కుటుంబం దాచగలదు, దిక్కులేనిది దాచలేదు. దీనితో గురజాడ డర్క్‌హైమ్‌ను మించిపోయాడని ఎవరూ పొంగిపోనక్కరలేదు. మనవాళ్లకు ఆ జబ్బు వుంది గనక ముందే చెబుతున్నాను. పద్ధతి విషయంలో ఆయనకున్న మెలకువ ఆయన విమర్శకులమైన మనకు లేకపోయిందన్నదే నా ఫిర్యాదు.

ఇది పాత కథ కూడా కాదు. మన జిల్లాల్లో పట్టా లేని కౌలుదారు అప్పుల పాలై పురుగుల మందు తాగితే, అతణ్ణి 'రైతు'గా లెక్కలో రాయించడానికి ఆ ఇల్లాలు ఎన్ని కార్యాలయాల మెట్లెక్కవలసివస్తుందో మనకు తెలుసు. భూమి కాగితం మీద ఎవరి పేరుందో దాన్ని బట్టే చావు పేరు కూడా మారుతుంది. అంకెకూ వర్గముంది.

రెండో సంవత్సరంలో నాకు దొరికిన పెద్ద లాభం పాఠ్యపుస్తకంలో దొరకలేదు. భారతీయ సమాజశాస్త్రమంటే అక్కడ ఘుర్యే, ఆయన శిష్యుడు ఎం.ఎన్. శ్రీనివాస్, సంస్కృతీకరణం, ఆధిపత్య కులం. ఆ ఘుర్యే శిష్యుడే అయిన ఏ.ఆర్. దేశాయ్ జాతీయోద్యమ సామాజిక నేపథ్యాన్ని మార్క్సిస్టు దృష్టితో పరిశీలించి 1948లో గ్రంథం ప్రకటించినా, ఆయనకు దక్కింది అరపేజీ. అంబేద్కర్ రాజ్యాంగ నిర్మాతగా ఒక పేరాలో వచ్చి వెళ్లాడు. తరగతిలో ఒక తోటి విద్యార్థి, జిల్లా పరిషత్ పాఠశాల టీచరు, "కులం మీద ఆయన వ్యాసముందండీ, చదవండి" అని ఒక పాత పుస్తకం చేతిలో పెట్టాడు. 1916 మే 9న, కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ ఆచార్యుని మానవశాస్త్ర సెమినారులో పాతికేళ్ల అంబేద్కర్ చదివిన వ్యాసమది.

అందులోని వాదం లెక్కలాగా సాగుతుంది. కులానికి ప్రాణం అంతర్వివాహం. కులం తలుపు మూసుకోవాలంటే లోపలి స్త్రీ పురుషుల సంఖ్య సరితూగాలి. కాని భర్త చనిపోతే స్త్రీ ఒకతె మిగులుతుంది, భార్య చనిపోతే పురుషుడొకడు మిగులుతాడు. మిగిలిన స్త్రీని భర్తతో పాటు కాల్చాలి, లేదా వైధవ్యంలో బంధించాలి. మిగిలిన పురుషుణ్ణి కాల్చరు. అతడు కులానికి కావలసినవాడు. ఈడు వచ్చిన పిల్లను అతనికిస్తే ఇంకొకడికి పిల్ల తక్కువవుతుంది. గనక ఇంకా ఈడు రాని పిల్లను తెచ్చి అతనికి కట్టాలి. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం అనే మూడు ఆచారాలకూ ఈ ఒక్క లెక్కే మూలమని ఆయన చూపాడు.

చదువుతూంటే లుబ్ధావధాన్లు ఇల్లు కళ్లముందు కట్టింది. భార్య పోయిన ముసలివాడు సుబ్బిని కొనబోతాడు. అదే ఇంట్లో అతని కూతురు మీనాక్షి విధవ. తండ్రి మిగిలిపోతే కొత్త పెళ్లాం, కూతురు మిగిలిపోతే ఏమీ లేదు. అవతల అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో పెద్దపిల్ల బుచ్చమ్మ ఒక ముసలివాడికి అమ్ముడై విధవగా తిరిగివచ్చి వుండగానే రెండో పిల్ల బేరానికి సిద్ధం. నాటకం నడిచే దారి అంబేద్కర్ లెక్క నడిచే దారే. గురజాడ 1915 నవంబరు 30న మరణించాడు. ఆ వ్యాసం పుట్టింది అయిదు నెలలు దాటిన తరవాత. ఒకరు చెప్పింది మరొకరు విన్నది కాదు. ఒకే వ్యవస్థను ఒకరు ఇంటి లోపల నుంచి, మరొకరు గడప బయటికి తోయబడిన చోటు నుంచి చూశారు.

అయితే ఆ లెక్కలో డబ్బు లేదు. నాటకంలో అడుగడుగునా డబ్బే. పెళ్లి ఎందుకు జరగాలో కులం చెబుతుంది. ఎంతకు జరగాలో మాత్రం అప్పులూ, కోర్టు ఖర్చులూ చెబుతాయి. కులమా వర్గమా అని మన సభల్లో గొంతులు పగిలేలా వాదించుకునే మిత్రులు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకొని చదివితే, ఆ వాదనలో సగమైనా తగ్గుతుందని నా నమ్మకం.

ఇంతవరకు సమాజశాస్త్రానికి నా అప్పు. ఇక తగాదా.

పాఠ్యాంశంలో 'జజ్‌మానీ' అని ఒక అధ్యాయముంది. ఉత్తరప్రదేశ్‌లోని కరీంపూర్ గ్రామాన్ని చూసి వైజర్ అనే అమెరికన్ మిషనరీ 1936లో ప్రకటించిన పుస్తకం నుంచి ఆ మాట దేశమంతటికీ పాకింది. కులాలు ఒకదానికొకటి సేవ చేసుకునే పరస్పర వ్యవస్థ అని దాని నిర్వచనం. మా అమ్మమ్మ వూళ్లో కళ్లం మీద ధాన్యం కొలిచేటప్పుడు చాకలికి, మంగలికి, కుమ్మరికి, వడ్రంగికి పెట్టేదాన్ని 'మేర' అనేవారు. అది చాలీచాలనిదే, కాని తన మేర తనకు రావాలని చాకలి నిలబడి అడిగేవాడు. తెలంగాణలో దొర గడీకి చేసింది 'వెట్టి'. అక్కడ అడగడానికి ఏమీ లేదు, కాదనడానికి దిక్కులేదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' చదివినవారికి ఆ తేడా విడమరిచి చెప్పనక్కరలేదు. జజ్‌మానీ అన్న మాట కింద రెండూ 'పరస్పర సేవ' అయిపోతాయి. ఆ పరస్పరతలో దోపిడి వుందని బైడెల్‌మన్ 1959లోనే వాదించాడు; ఆ పేరు మా పుస్తకంలో అధ్యాయం చివరి వరసలో వుంది. నేను అసైన్‌మెంటులో మేరకూ వెట్టికీ తేడా చూపి రెండు పేజీలు రాశాను. దిద్దినవారు ఆ రెండు మాటలకూ ఎర్రసిరాతో సున్న చుట్టి, నిర్ణీత పదజాలం వాడవలసిందని రాశారు.

సంగతి మార్కులది కాదు. హైదరాబాదుకు చేరువలోని శామీర్‌పేటను పరిశీలించి ఎస్.సి. దూబే 1955లో ప్రకటించిన గ్రంథం దేశమంతటా పాఠ్యమైంది. మా తరగతిలో ఆ తెలుగు వూరిని ఇంగ్లీషు సారాంశంలో బట్టీపట్టాం. మాలో సగం మంది అట్లాంటి వూళ్ల నుంచి వచ్చినవాళ్లే. పరీక్షలో మాత్రం తమ వూరిని పరాయి మాటల్లో గుర్తుపట్టలేక తప్పారు. గురజాడ పీఠిక కూడా ఇంగ్లీషులోనే రాశాడు. అంకెలు ఇంగ్లీషులో, కథ తెలుగులో. ఆ పంపకం ఇంకా అట్లాగే వుంది. ఇంగ్లీషు శాఖల వారు అంకెలు పుచ్చుకున్నారు, తెలుగు శాఖల వాళ్లం కథ పుచ్చుకున్నాం, ఒకరి గదిలోకి మరొకరు తొంగిచూడం.

ఈ ఏడు 'కన్యాశుల్కం' పాఠాన్ని పీఠికలోని జాబితాతో మొదలుపెట్టాను. అంకెలన్నీ తెలుగులో నల్లబల్ల మీద రాసి, కింద గీత గీసి 188 అని కూడాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "ఆ జాబితాలో పిల్లల పేర్లున్నాయా సార్?" అని అడిగింది. జాబితా నేను చూడలేదు, పీఠికలో వున్న అంకెలే చూశానని చెప్పాను. "అయితే ఎవరు రాశారు సార్, వాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగింది ఎవరు?" అంది. గంట కొట్టారు. మరునాటి పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాం.