గాలం మాటలు, గంప మాటలు

పల్నాటి కృష్ణ ఒడ్డున చేపల భాష మారింది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. నది జలాశయమయ్యాక చేపపిల్ల 'సీడ్' అయింది, నూలు వల నైలాను అయింది. బొచ్చె 'కట్ల'గా, శీలావతి 'రోహు'గా కాటా ఎక్కాయి. 1952లో దేశంలోకి వచ్చిన తిలాపియాను మాత్రం జనం తమ నోటికి తగ్గట్టు 'జిలేబి' చేసుకున్నారు.

నేను చదివిన చాలా కథల్లో ఈ మార్పు జాడే లేదు. అక్కడ ఇంకా ఆడది 'గాలం వేస్తుంది', మగవాడు 'వలలో పడతాడు'. లేదా ఆమే 'ఎర'. కళ్లు బాగుంటే మీనాక్షి. ఏటిలో వల విసిరేది ఎక్కువగా మగవాళ్లు. గంప నెత్తినెత్తుకుని ఊరూరా తిరిగేది, పొలుసు గీకేది, బేరమాడేది ఆడవాళ్లు. వాళ్ల పని మాటలు మన కథల్లోకి ఎందుకు రాలేదు?

భారతంలో మత్స్యగంధి పడవ నడిపిన పిల్ల. పరాశరుడు ఆమె చేపవాసన పోగొట్టి యోజనగంధిని చేశాడు, ఆ తర్వాతే శంతనుడి రాణి అయింది. మన కథకులూ ఆ వాసన తీసేసి పోలికను మాత్రం ఉంచుకున్నారు. 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం వెలువడింది. అలాంటి శ్రద్ధతో గంప మోసే ఆడవాళ్ల మాటలను మనం, రాసే ఆడవాళ్లం, వాళ్ల నోటనుంచే ఎత్తి రాసుకోవాలి.